న్యాయస్థానం ఎంత దూరంలో ఉండాలి?

తాపీ నది అరేబియా సముద్రంలో కలిసేచోట ఉంది హజీరా. ఎరువులు, ఉక్కు, సహజవాయువు, ఓడరేవు... ఇది సూరత్ సంపదకు కొత్త చిరునామా. ఇక్కడి ఫ్యాక్టరీలైనా, నగరంలోని మరమగ్గాల షెడ్లయినా నడిచేది చాలావరకు వలస వచ్చిన వారి చెమటతోనే. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలూ వారిలో ఉన్నారు.

సూరత్ తన గతం గురించి చెప్పుకునేటప్పుడు తప్పక వచ్చే అధ్యాయం 1994 నాటి ప్లేగు. ఆ మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు నగరాన్ని శుభ్రం చేయించిన తీరు పాలనాధికారులకు పాఠమైంది. అంతకు రెండేళ్ల ముందు, 1992 డిసెంబరులో జరిగినది మాత్రం అంత తేలిగ్గా ఎవరి నోటా రాదు. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత ఈ నగరంలో ముస్లింలపై దాడులు జరిగాయి. పెద్దసంఖ్యలో ప్రాణాలు పోయాయి. మహిళలపై అత్యాచారాలు జరిగాయి. వలస కార్మికులు భయంతో రైళ్లెక్కి సొంత రాష్ట్రాలకు వెళ్లిపోయారు.

ఈ తేడాకు కారణం ఊహించడం కష్టం కాదు. రోగం వస్తే నగరమంతా బాధితురాలే. హింస జరిగితే అదే నగరంలో బాధితులతోపాటు నేరస్థులూ ఉంటారు. మొదటిదాన్ని అందరూ కలిసి గుర్తు చేసుకోవచ్చు. రెండోదాన్ని గుర్తు చేసుకుంటే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆ జవాబు రాబట్టాల్సింది న్యాయస్థానం. మరి ఆ న్యాయస్థానం ఎక్కడుండాలి? బాధితుల అనుభవం చూస్తే, ఇది పైకి కనిపించేంత చిన్న ప్రశ్న కాదు.

గుజరాత్‌లో 2002 నాటి మారణకాండ బాధితులు న్యాయస్థానం దూరంగా ఉండాలని కోరారు. 2005లో కేంద్రం పార్లమెంటుకు ఇచ్చిన లెక్క ప్రకారం ఆ హింసలో 790 మంది ముస్లింలు, 254 మంది హిందువులు మరణించారు. మరో 223 మంది ఆచూకీ తెలియలేదు. వడోదరలోని బెస్ట్ బేకరీ కేసులో 2003లో నిందితులు 21 మందీ నిర్దోషులుగా బయటపడ్డారు. సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో కేసును మహారాష్ట్రకు పంపి, మళ్లీ విచారించమంది. 2006లో ముంబై కోర్టు తొమ్మిది మందిని దోషులుగా తేల్చింది. బిల్కిస్ బానో కేసు కూడా అదే దారిలో ముంబై చేరింది. 2008లో 11 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2022 ఆగస్టు 15న గుజరాత్ ప్రభుత్వం వారిని ముందుగానే విడుదల చేసింది. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేస్తూ చెప్పిన ప్రధాన కారణం: విచారణ జరిగింది మహారాష్ట్రలో కనుక శిక్ష తగ్గించే అధికారం గుజరాత్‌కు లేదు. కోర్టు ఎక్కడుందన్నది ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆమె న్యాయాన్ని కాపాడింది.

చుండూరు దళితులు అడిగింది ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. 1991 ఆగస్టు 6న ఆ ఊళ్లో ఎనిమిది మంది దళితులను అగ్రకులాల మూక వేటాడి చంపింది. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువల్లో పడేసింది. విచారణ తమ ఊళ్లోనే జరగాలని బాధితులు పట్టుబట్టి, ప్రత్యేక కోర్టును అక్కడికే రప్పించుకున్నారు. ఎవరి ముందు తలవంచి నడిచారో వాళ్లు అదే ఊళ్లో బోనులో నిలబడ్డారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నీ రద్దు చేసింది.

ఒకరు దూరం కోరారు, మరొకరు దగ్గర కోరారు. కానీ ఇద్దరికీ కావాల్సింది ఒక్కటే: సాక్షి భయపడకుండా నోరు విప్పగల చోటు. గుజరాత్‌లో ఆ చోటు రాష్ట్రం దాటితే తప్ప దొరకలేదు. చుండూరులో దాన్ని ఊళ్లోనే సాధించుకోవాల్సి వచ్చింది.

రువాండా ఈ రెండు దారులనూ ప్రయత్నించింది. 1994లో వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది బలైన ఆ దేశంలో సూత్రధారుల విచారణను ఐక్యరాజ్యసమితి పొరుగుదేశం టాంజానియాలోని అరూషాలో జరిపింది. అక్కడ 93 మందిపై అభియోగాలు మోపారు. కత్తి పట్టిన సామాన్యుల విచారణ మాత్రం ‘గచాచా’ అనే గ్రామ న్యాయసభల్లో జరిగింది. 2012లో అవి ముగిసేనాటికి 12 వేలకు పైగా సభలు పది లక్షలకు మించిన కేసులు విన్నాయి. తన వాళ్లను ఎక్కడ పాతిపెట్టారో చాలామందికి మొదటిసారి తెలిసింది అక్కడే. అయితే అధికారంలోకి వచ్చిన పక్షం సైనికులు చేసిన హత్యల జోలికి ఆ సభలు వెళ్లలేదు. ఊరి న్యాయానికీ గెలిచినవాళ్లు హద్దులు గీశారు.

భారత చట్టంలో ఈ నేరానికి ప్రత్యేకంగా పేరే లేదు. జాతి నిర్మూలన నేరంపై 1948 నాటి అంతర్జాతీయ ఒడంబడికను భారత్ 1959లో ఆమోదించినా, అందుకు తగిన దేశీయ చట్టం చేయలేదు. 1984 సిక్కుల ఊచకోత కేసులో సజ్జన్ కుమార్‌కు శిక్ష విధిస్తూ 2018 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఈ లోపాన్నే ఎత్తిచూపింది. పేరు లేని నేరం హత్య, దొమ్మీ, దహనం అనే విడివిడి కేసులుగా చీలిపోతుంది. ఇవన్నీ కలిసి ఏమిటన్నది తీర్పులో చోటు దొరకక బాధితుల జ్ఞాపకంలోనే మిగులుతుంది.

అందుకే ఆ జ్ఞాపకానికి నేల కావాలి. అహ్మదాబాద్‌లోని గుల్బర్గ్ సొసైటీలో 69 మంది చనిపోయారు. అక్కడ మ్యూజియం కట్టాలన్న ఆలోచన నెరవేరలేదు. ఆ రోజు భర్తను కోల్పోయి, రెండు దశాబ్దాలు న్యాయపోరాటం చేసిన జకియా జాఫ్రీ 2025 ఫిబ్రవరిలో కన్నుమూశారు. నరోడా గామ్‌లో 11 మంది మరణించిన కేసులో 2023 ఏప్రిల్‌లో మిగిలిన నిందితులు 67 మందీ నిర్దోషులయ్యారు.

చుండూరు దళితులు తమ మృతులకు నేలను సాధించుకోగలిగారు. వారి సమాధులున్న చోటును రక్తక్షేత్రం అంటారు. ఏటా ఆగస్టు 6న జనం అక్కడ చేరతారు. హైకోర్టు తీర్పు తర్వాత మిగిలిన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు: మరి వాళ్లను చంపిందెవరు? కోర్టు చెప్పలేకపోయినా, ఆ సమాధులున్నంత కాలం ఆ ప్రశ్న ఊరును వదలదు.