ఆరని చొక్కా

పిల్లలూ!

"బడికి అందరూ ఒకే రకం బట్టలు వేసుకుని తీరాలా? నాకిష్టమైన చొక్కా వేసుకుంటే చదువు రాదా?" అని మీలో కొందరు ఏదో ఒక ఉదయాన ఇంట్లో పేచీ పెట్టే ఉంటారు. మంచి ప్రశ్నే. పెద్దవాళ్లు కసిరి ఊరుకోవలసింది కాదు.

మన విశాఖపట్నంలో పొద్దున్నే వీధిలో నిలబడి చూడండి. తెల్లని దుస్తులతో నావికులు కనిపిస్తారు. ఉక్కు కర్మాగారానికి వెళ్లేవాళ్ల దగ్గర గట్టి టోపీలు ఉంటాయి. వీటికి కారణం చెప్పడం తేలికే. నావికుణ్ణి చూడగానే గుర్తుపట్టాలి. కర్మాగారంలో పనిచేసేవాడి నెత్తిన ఏదైనా పడితే గాయం కాకూడదు. మరి మీ లెక్కల క్లాసులో నెత్తిన పడేవి ఏమున్నాయి, మొట్టికాయలు తప్ప! వాటిని కూడా ఇప్పుడు చట్టం ఒప్పుకోదు.

బడి దుస్తుల కథ చాలా పాతది. 1552లో లండనులో క్రైస్ట్స్ హాస్పిటల్ అని ఒకటి పెట్టారు. పేరు ఆసుపత్రిలా ఉన్నా, అది పేద పిల్లల కోసం పెట్టిన బడి. అక్కడి పిల్లలకు పొడుగాటి నీలం కోట్లు ఇచ్చారు. "ఇచ్చారు" అన్నాను, గమనించండి. కొనుక్కు రమ్మనలేదు. ఆ బడి ఇప్పటికీ ఉంది, ఆ నీలం కోటూ ఉంది.

కలవారి బిడ్డ, లేనివారి బిడ్డ ఒకే బెంచీ మీద కూర్చున్నప్పుడు ఎవరు ఎవరో తెలియకూడదని మన బడుల్లోనూ ఈ పద్ధతి పెట్టారు. ఆశయం మంచిదే. కాని అది ఎక్కడ దెబ్బతింటుందో నా చిన్ననాటి సంగతి ఒకటి చెబుతాను.

మా బడిలో తెల్ల చొక్కా, ఖాకీ నిక్కరు వేసుకోవాలి. నేను క్లాసు మానిటరుని. మామూలు బట్టలతో వచ్చినవాళ్ల పేర్లు రాసి మాస్టారికి ఇవ్వడం నా పని. నా పక్కన కూర్చునే కుర్రవాడి తండ్రి రేవులో కళాసీ. వాడికి ఉన్నది ఒక్కటే జత. వాళ్లమ్మ రాత్రి ఉతికితే వాడు పొద్దున్న తొడుక్కునేవాడు. ఒకసారి నాలుగు రోజులు ముసురు పట్టింది. చొక్కా ఆరలేదు. వాడు చారల చొక్కా తొడుక్కుని వచ్చాడు. నేను పేరు రాశాను. వాణ్ణి వరండాలో నిలబెట్టారు. మర్నాడూ అంతే. మూడోనాడు వాడు రానేలేదు. తరువాత కూడా రాలేదు. ఆ చీటీ మీది రాత నాది. ఇన్నేళ్లయినా మరిచిపోలేదు.

చొక్కా ఎందుకు ఆరలేదు? తడిగుడ్డలోని నీరు ఆవిరై గాలిలో కలిస్తేనే గుడ్డ ఆరుతుంది. సముద్రపు గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. ముసురు పడితే గాలి దాదాపు నిండుకుండే! ఇక చొక్కాలోని నీరు ఎక్కడికి పోతుంది? పైగా నూలుగుడ్డకు నీరంటే ఇష్టం. మామూలుగా ఆరి ఉన్న వంద గ్రాముల నూలులో కూడా సుమారు ఎనిమిది గ్రాముల తేమ దాగి ఉంటుంది. పాలియెస్టరులో అర గ్రాము కూడా ఉండదు. అందుకే పాలియెస్టరు త్వరగా ఆరుతుంది. కాని చెమట పీల్చదు, ఉక్కపోతలో ఒంటికి అంటుకుంటుంది. ఈ రెండూ కలిపి నేసిన గుడ్డను బడి దుస్తులకు ఎక్కువగా వాడటానికి ఇదీ ఒక కారణం.

అయితే ఒక్క జతతో ఏ గుడ్డయినా కష్టమే. ఒంటి మీద ఒకటి, దండెం మీద ఒకటి, పెట్టెలో ఒకటి, ఇలా మూడు ఉండాలి. మన రాష్ట్రంలో ప్రభుత్వ బడి పిల్లలకు 2020లో మొదలైన విద్యాకానుకలో మూడు జతల గుడ్డ ఇచ్చారు. 2025లో సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరుతో వచ్చిన విద్యార్థి మిత్రలోనూ ఇచ్చారు. గుడ్డ బడి తెరిచేనాటికి అందాలి, కుట్టుకూలికి డబ్బూ ఉండాలి. అప్పుడే అది దుస్తులవుతుంది.

కనుక నా జవాబు ఇది: ఒకే రకం దుస్తులు ఉండవచ్చు. కాని ఆ నియమం ముందు పెద్దవాళ్లకు, తరువాతే పిల్లలకు. మార్చుకోవడానికి చాలినన్ని జతలు పిల్లవాడి చేతికి అందించనివారు, వాడు ఎందుకు తొడుక్కు రాలేదని అడగకూడదు. దుస్తుల పేరిట ఒక్క పాఠమైనా పోగొట్టరాదు.

పిల్లలూ! ఒకే కొలత గల నూలు గుడ్డముక్క, పాలియెస్టరు గుడ్డముక్క తడిపి దండెం మీద వేయండి. ఏది ఎంతసేపటికి ఆరిందో రాసుకోండి. వాననాడు మళ్లీ చేసి చూడండి. ఆ మర్నాడు మీ క్లాసులో ఎవరైనా చారల చొక్కాతో వస్తే, కారణం మీకు ముందే తెలిసి ఉంటుంది. పక్కకు జరిగి చోటివ్వండి.