వరహాల కథ చాలు, దుడ్డు కథ చెప్పండి

రాయలసీమ పేరెత్తితే చాలు, రాయలవారి కాలంలో అంగళ్లలో రతనాలను రాశులు పోసి అమ్మారన్న మాట ముందుగా వచ్చి నిలుస్తుంది. మా కర్నూలు, కడప ప్రాంతాల సభలలో ఉపన్యాసాలు తరచుగా ఈ మాటతోనే మొదలవుతాయి. వెంటనే బంగారు వరహా ప్రస్తావన వస్తుంది. చివరకు నేటి కరవును తలచుకొని ఒక నిట్టూర్పు. సీమవాడినై ఉండి కూడా ఈ పొగడ్తను నేను అంగీకరించలేను. మన చరిత్ర మీద కప్పిన పట్టుశాలువ ఇది అని నా వాదన.

వరహా గొప్ప నాణెమే, సందేహం లేదు. సుమారు మూడున్నర గ్రాముల బంగారం. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ వరహాను, అందులో సగమైన ప్రతాపాన్ని, చిన్న బంగారు పణాన్ని, వెండి, రాగి నాణేలను వరుసగా వర్ణించాడు. 1520 ప్రాంతంలో పోర్చుగీసు యాత్రికుడు పేస్ రతనాల అంగళ్లను చూశాడు. అయితే అతడు చూసింది రాజధాని వీధిని. జొన్నచేను గట్టు మీద నిలబడి రాసిన వర్ణన కాదది.

ఆ రత్నాన్ని తవ్వినవాని మాటేమిటి? 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రావులకొండ వజ్రపు గనిని చూశాడు. అది మన రామళ్లకోటేనని కొందరు, కాదని మరికొందరు అన్నారు. ఊరేదైనా కూలి లెక్క మారదు. అక్కడ పనివానికి ఏడాదికి ముట్టేది 3 వరహాలేనని అతడు రాశాడు.

మన భాషే దీనికి సాక్ష్యం. సీమలో నేటికీ ధనాన్ని దుడ్డు అంటాం. దుడ్డు రాగి నాణెం. డబ్బు కూడా ఒకప్పుడు రాగి నాణెం పేరే. ఆర్మీనియావారి భాషలోనూ ద్రామ్ అనే నాణెం పేరే ధనానికి పేరయింది. జనం నాలుక మీద నిలిచేది జనం చేతిలో ఆడిన నాణెం. మనకు మిగిలింది రాగి. బంగారం ఉపన్యాసాలకు వెళ్లిపోయింది.

ఇక శిస్తు సంగతి. 1800లో నిజాం దత్తమండలాలను కుంపిణీకి ఇచ్చివేశాడు. కర్నూలు నవాబు సంస్థానం మాత్రం 1839 దాకా విడిగా ఉంది. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పొలాలు కొలిపించి నగదు శిస్తు నిర్ణయించాడు. సీమ జనం మన్రోలప్ప అని తలచుకున్న దొర అతడు. ఆ దొరే 1807లో, ఈ శిస్తు హెచ్చు, నూటికి 25 వంతులు తగ్గించమని పైవారికి రాశాడు. పైవారు వినలేదు, గ్రామాలను గుత్తకిచ్చారు. అతడే మద్రాసు గవర్నరై వచ్చిన తరువాత, 1820లో గాని ఆ తగ్గింపు రాలేదు.

1818లో మద్రాసు రాజధానిలో వరహా లెక్క పోయి రూపాయి లెక్క వచ్చింది. వరహాకు మూడున్నర రూపాయలు. నాణెం మారినా వాయిదా మారలేదు. పంట కళ్లానికి వచ్చినప్పుడే కిస్తు. అప్పుడే ధాన్యానికి ధర తక్కువ. 1830 తరువాత రెండు దశాబ్దాలు ధరలు పడిపోయాయి. శిస్తు రూపాయలలోనే నిలిచి ఉంది గనుక, అదే రూపాయికి రైతు మరింత జొన్న కొలవవలసి వచ్చింది. ఆ కాలంలోనే, 1846 జులైలో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. పాలెగాని వంశానికి మిగిలిన నెల భరణంలో అతని వంతు 11 రూపాయల 10 అణాల 8 పైలు.

1876-78 కరవులో లెక్క తిరగబడింది. ధాన్యం ధర ఆకాశానికి ఎక్కింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనిలో మగవానికి ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం వెల, పైన ఒక అణా చాలునన్నాడు. 1871, 1881 జనగణనల నడుమ కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గింది.

వానలు కురవకపోవడం నిజం కాదా అని అడుగుతారు. నిజమే. కాని వాన రాని ఏడు కూడా రూపాయి కట్టమన్నది ఆకాశం కాదు. రతనాల సీమ రాళ్ల సీమ అయిందని నిట్టూర్చినప్పుడల్లా మనం ఆ నేరాన్ని విధి ఖాతాలో జమ చేస్తున్నాం.

మిత్రులారా, మీ ఇళ్లలో అటకల మీద పాత శిస్తు రశీదులు, ప్రోనోట్లు, కరణాల చిట్టాలు ఉంటే చెదలకు వదిలిపెట్టకండి. ఏ ఏట ఎంత జొన్న అమ్మితే ఎంత శిస్తు తీరిందో, ఎంత బాకీ పడిందో తెలుగులో టైపు చేసి ఉంచండి. వరహా బొమ్మలు ఇప్పటికే చాలా ఉన్నాయి. మనకు లేనిది ఈ లెక్కే. కాదనేవారు నిస్సంకోచంగా వాదించండి.