బరాత్‌లో బ్యాండు మేళం

మా అనకాపల్లిలో షాదీ బరాత్ ముందు ఇప్పుడు డీజే బండే నడుస్తోంది. బ్యాండు మేళం ఎందుకు పిలవలేదని అడిగితే, ‘అది అంగ్రేజీ బాజా భాయ్, మనది కాదు’ అంటారు. డీజే మనదైనట్టు!

ఉస్మానీ సుల్తానుల ఫౌజులో మెహ్తర్ అనే బాజా దళం ఉండేది. పెద్ద డోలు, ఇత్తడి తాళాలు, నగారాలు, మన సన్నాయికి చుట్టమైన జుర్నా అందులో మోగేవి. 1683లో ఆ ఫౌజు వియన్నాను ముట్టడించి ఓడిపోయింది. కానీ తర్వాతి శతాబ్దంలో యూరప్ రాజులే అలాంటి దళాలను దర్బారుల్లో పెట్టుకున్నారు. 1782లో అదే వియన్నాలో మోజార్ట్ ఒక తుర్కీ మహల్ కథను పాటల నాటకంగా కట్టి, అందులో పెద్ద డోలూ తాళాలూ మోగించాడు. 1794లో హేడన్ లండన్‌లో వినిపించిన నూరో సింఫనీకి ‘మిలిటరీ’ అనే పేరు వీటివల్లే వచ్చింది. సింఫనీ అంటే మాటల్లేని పెద్ద కూర్పు, మామూలుగా నాలుగు భాగాలు. నిదానంగా సాగే రెండో భాగంలోనే ఆయన ఈ ఫౌజీ మోత దింపాడు. అప్పటి ఆర్కెస్ట్రాలో పెత్తనం వయొలిన్లది. క్లారినెట్ కొత్త కోడలు. మోజార్ట్ 1791లో దానికోసం ప్రత్యేకంగా ఒక కన్చెర్టో రాశాడు.

బ్రిటిష్ పల్టన్లు కూడా ఈ తుర్కీ వాద్యాలను చేర్చుకున్నాయి. పల్టన్ బ్యాండును చూసే మన దేశంలో పెళ్లి బ్యాండ్లు పుట్టాయి. మరి ఆ డ్రమ్మూ తాళాలూ మనవి కావని ఏ మొహంతో అంటాం?

బాజా అసలే వద్దు, సాదాగా నికాహ్ చేసి ఖజూర్ పంచుదాం అనే బుజుర్గులతో నాకు బహస్ లేదు. వారి దారి వారిది. గోడలు అదిరేలా డీజే పెట్టి, బ్యాండు దగ్గరకొచ్చేసరికి దీన్ గుర్తొచ్చేవారితోనే నా పేచీ. డీజేకి బండి, ఒక కుర్రాడు చాలు. బ్యాండంటే పది పన్నెండు ఇళ్ల రోజీ. అందులో జుమ్మా నమాజుకు మన పక్కనే సఫ్‌లో నిలబడేవారూ ఉన్నారు. పాట ఒక్కసారి విని క్లారినెట్ మీద పలికించే హునర్ వారిది. కొడుకులకు నేర్పడం మానేశారు. పిలిచినా అందరూ తిన్నాక, షామియానా వెనక ప్లేట్లు ఇస్తాం. దస్తర్‌ఖాన్ మీద మనతోపాటు కూర్చోబెడితే మన ఇజ్జత్ ఏం తగ్గుతుంది?

వచ్చే షవ్వాల్‌లో మా ఇంట షాదీ ఉంది. క్లారినెట్ చాచాకు బయానా ఇచ్చేశాను.