ఉస్తాద్ పోతే దుకాణం మూతపడాలా?



మొన్న ఒక వలీమాలో దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నాం. బిర్యానీ ఇంకా రాలేదు. మా వరసలో ఉన్న ఒక సాబ్ జేబులోంచి కొత్త ఐఫోన్ తీసి అందరికీ చూపించాడు. చూపించి ఆయనే పెదవి విరిచాడు. "ఏం లాభం భాయ్, స్టీవ్ జాబ్స్ పోయిన రోజే ఆపిల్ జాన్ పోయింది. ఇప్పుడున్నది ఖాళీ డబ్బా." చుట్టూ ఉన్నవాళ్లు "బేషక్, బేషక్" అన్నారు. ఆ ఊపులో ఇంకో మాట కూడా అన్నాడు. "అసలు ఆయనది మన ఖూనే కదా. బాప్ శామ్ దేశపు ముసల్మాన్. ఆ దిమాగ్ ఎక్కడ్నుంచి వచ్చిందనుకున్నారు?" మళ్లీ బేషక్.

పెద్దాయన, పైగా పెళ్లికొడుకు వాళ్ల మెహమాన్. అదబ్ కోసం నోరు మూసుకున్నా. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఆ రెండు మాటలూ గలత్. వేర్వేరు మాటల్లా కనిపిస్తాయిగానీ రెండూ ఒకే బీమారీ నుంచి పుట్టినవి. ఆ బీమారీ మన ఘర్లలో ఎంత ఉందో చెప్పకపోతే నా కడుపుబ్బరం తగ్గేలా లేదు.

ముందు ఖూన్ సంగతి తేల్చేద్దాం. అబ్దుల్ ఫత్తాహ్ జందలీ అనే ఆయన శామ్‌లోని హోమ్స్ నగరం నుంచి అమెరికాకు చదువుకోడానికి వెళ్లాడు. 1955లో బిడ్డ పుట్టాడు. ఆ బిడ్డను కాలిఫోర్నియాలో పాల్ జాబ్స్, క్లారా జాబ్స్ అనే మియాబీవీ పెంపకానికి తీసుకున్నారు. కన్న తండ్రితో జాబ్స్ ఏ రిష్తా పెట్టుకోలేదు, నా తల్లిదండ్రులు పాల్, క్లారాలే అని చివరిదాకా చెప్పుకున్నాడు. పాల్ జాబ్స్ పెద్ద చదువులు చదివినవాడు కాదు, మెషీన్ల పనివాడు. పాత కార్లు కొని బాగుచేసి అమ్మేవాడు. తన పనిబల్ల మీద కొంత జాగా పిల్లాడికిచ్చి, ఇది నీది అన్నాడు. కంచె కడితే ఎవరికీ కనిపించని వెనకవైపు కూడా ముందువైపంత సాఫ్‌గా ఉండాలని నేర్పాడు. కంప్యూటర్ లోపల, మూత తీస్తే తప్ప కనిపించని బోర్డు కూడా అందంగా ఉండాలని జాబ్స్ ఇంజనీర్లను సతాయించాడంటే ఆ పాఠం అక్కడిదే. మన దీన్‌లో పెంచుకున్న బిడ్డ నసబ్ మార్చకూడదు, అది వేరే మసలా. కానీ హునర్ నసబ్‌తో రాదు కదా సాబ్. గ్యారేజీలో ఒక మెకానిక్ ఇచ్చిన తర్బియత్‌ను తీసుకెళ్లి హోమ్స్ ఖాందాన్ ఖాతాలో రాసుకుంటున్నాం మనం. వాట్సాప్‌లో ఆ ఫార్వర్డ్ పంపేవాళ్లంతా ఒక్కసారి పాల్ జాబ్స్ ముఖం తలుచుకోండి.

ఇక ఖాళీ డబ్బా. జాబ్స్ 2011 ఆగస్టు 24న సీఈవో కుర్చీ వదిలాడు, అక్టోబర్ 5న 56 ఏళ్ల వయసులో చనిపోయాడు. అప్పటికి కంపెనీ బజార్ విలువ సుమారు 35 వేల కోట్ల డాలర్లు. 2018 ఆగస్టులో అది లక్ష కోట్ల డాలర్లు దాటింది. 2020లో రెండు లక్షల కోట్లు, 2023లో మూడు లక్షల కోట్లు. ఖాళీ డబ్బా ఇంత బరువు తూగదు.

"పైసా వస్తే తరక్కీ అయినట్టేనా?" అని ఆ సాబ్ అడుగుతాడు. అడగాలి కూడా. నిజానికి ఆయన దగ్గర ఇంతకన్నా గట్టి దలీల్ ఒకటుంది, ఆయనకే తెలియదు. నేనే చెప్తా. ఆపిల్ తన ఉస్తాద్‌ను ఒకసారి ముందే పోగొట్టుకుంది. 1985లో బోర్డుతో ఝగ్డా పడి జాబ్స్ బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొన్నేళ్లు మెకింతోష్ బాగానే అమ్ముడుపోయింది, నడిచింది. కానీ 1997 వచ్చేసరికి దివాలా గడప మీద నిలబడింది. ఆ ఒక్క ఏడాదే వంద కోట్ల డాలర్లకు పైగా నుక్సాన్. జాబ్స్ తిరిగొచ్చి, దుష్మన్ అనుకున్న మైక్రోసాఫ్ట్ దగ్గర్నుంచే 15 కోట్ల డాలర్లు పెట్టుబడి తీసుకుని నిలబెట్టాడు. చూశారా, ఆయన లేకుంటే ఖతమే అనొచ్చు.

మరి 1985లో పడిపోయే దారి పట్టిన కంపెనీ 2011లో ఎందుకు పట్టలేదు? నా వాదన మొత్తం ఈ సవాల్ మీదే నిలబడి ఉంది.

1985లో జాబ్స్ వయసు 30. కోపిష్టి. ఎవర్నీ తయారు చేయలేదు. ఆయన్ను పంపించినవాళ్లు కూడా కంపెనీ దేనికోసం ఉందో తేల్చుకోలేదు. రెండోసారి వచ్చినవాడు వేరే మనిషి. 1998 మార్చిలో కాంపాక్ కంపెనీ నుంచి టిమ్ కుక్‌ను తెచ్చుకున్నాడు. కుక్ డిజైనర్ కాదు, స్టేజీ మీద మాయ చేసే రకమూ కాదు. ఆయన పని గోదాములు, సరఫరా, లెక్కలు. మన బజార్‌లో దుకాణం నడిపే ఎవరికైనా ఇది ఇట్టే అర్థమవుతుంది. అమ్ముడుపోని సరుకు అంటే గోదాములో పడుకున్న పైసా. బట్టల దుకాణంలో అది పాతబడుతుంది, కంప్యూటర్ల వ్యాపారంలో కుళ్లిపోతుంది. సరుకును పాలవ్యాపారిలా చూడాలి, తారీఖు దాటితే పారబోయడమే అనేది కుక్ లెక్క. వచ్చీరాగానే గోదాములు మూయించాడు, సరఫరాదారుల సంఖ్య తగ్గించాడు, నెల రోజుల సరుకు పేరుకునే చోట కొద్ది రోజుల సరుకే ఉండేలా చేశాడు. కంపెనీ మళ్లీ ఊపిరి పీల్చింది జాబ్స్ దిమాగ్ వల్ల ఎంతో, ఈ గోదాము పని వల్లా అంతే. ఫోటోల్లో మాత్రం ఒక్కడే కనిపిస్తాడు.

2004లో జాబ్స్ ఆపరేషన్ కోసం సెలవు పెట్టినప్పుడు కంపెనీని కుక్ నడిపాడు. 2009లో ఇంకోసారి. 2011 మొదట్లో మూడోసారి. అంటే ఉస్తాద్ బతికుండగానే, పిలిస్తే పలికే దూరంలో ఉండగానే, శాగిర్ద్ మూడుసార్లు గద్దె మీద కూర్చుని లేచాడు. 2008లో కంపెనీ లోపలే ఒక మదర్సా లాంటిది పెట్టారు, ఆపిల్ యూనివర్సిటీ అని. యేల్ యూనివర్సిటీ మేనేజ్‌మెంట్ స్కూల్ డీన్‌ను తీసుకొచ్చి దాన్ని అప్పగించారు. మన కంపెనీలో నిర్ణయాలు ఎలా తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు అనేదే అక్కడి సబక్. చావు ఎదురుగా కనిపిస్తున్న మనిషి తన దిమాగ్‌ను తనతో ఖబర్‌లోకి తీసుకెళ్లకుండా చేసిన ఇంతెజామ్ ఇది.

ఇంకో సంగతి కుక్ తర్వాత బయటపెట్టాడు. 1966 డిసెంబర్‌లో వాల్ట్ డిస్నీ చనిపోయాక ఆ కంపెనీలో అందరూ "వాల్ట్ ఉంటే ఏం చేసేవాడు" అని అడుగుతూ కూర్చుండిపోయారట. జాబ్స్ ఆ ముచ్చట చెప్పి, నువ్వు మాత్రం నా గురించి అలా అడగొద్దు, ఏది సరైందో అది చెయ్యి అన్నాడట. తనను తఖ్లీద్ చేయొద్దని తనే చెప్పడానికి ఏ ఉస్తాద్‌కైనా జిగర్ కావాలి. జాబ్స్ ఘమండ్ గురించి ఎన్నో చెప్తారు, నేనూ నమ్ముతాను. ఈ ఒక్క విషయంలో మాత్రం మన పెద్దలకన్నా ఆయన తవాజు ఎక్కువ.

కుక్ హయాంలో గల్తీలు లేవా అంటే ఉన్నాయి. 2012లో మ్యాప్స్ తెచ్చి అభాసుపాలై మాఫీ అడిగారు. కొన్నేళ్లు ల్యాప్‌టాప్ కీబోర్డు చిన్న దుమ్ము పడితే ఆగిపోయేది. 3,499 డాలర్ల కళ్లద్దాల డబ్బా విజన్ ప్రో 2024లో వచ్చింది, కొన్నవాళ్లు తక్కువ. నాకు ఇవేవీ పెద్ద బాధ కాదు. బాధ పెట్టేది వేరే ఉంది. 2022లో ఒక్క ఏడాదికి గూగుల్ తన సెర్చ్‌ను ఐఫోన్‌లో ముందు పెట్టినందుకు ఆపిల్‌కు రెండు వేల కోట్ల డాలర్లు ఇచ్చిందని అమెరికా కోర్టు కాగితాల్లో బయటపడింది. బైఠే బైఠే వచ్చే కమాయి అది, హునర్ కమాయి కాదు. జాన్ పోయిందని ఎవరైనా అనదల్చుకుంటే ఈ కాగితం పట్టుకుని అనండి, నేను సగం ఒప్పుకుంటా. సగమే. ఎందుకంటే అదే కుక్ హయాంలోనే 2015లో వాచ్ వచ్చింది, 2016లో ఎయిర్‌పాడ్స్ వచ్చాయి, 2020లో ఇంటెల్‌ను పక్కనబెట్టి మాక్ కోసం సొంత ఎం1 చిప్ వచ్చింది. ఆ ఎయిర్‌పాడ్స్ ఇప్పుడు మన హైదరాబాద్ పక్కన కొంగరకలాన్ ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో తయారవుతున్నాయి. జాబ్స్ చూడని వస్తువు అది.

మైక్రోసాఫ్ట్ సంగతి మీకు తెలిసిందే. బిల్ గేట్స్ 2000లో సీఈవో పదవి వదిలాడు. 2014 ఫిబ్రవరిలో ఆ కుర్చీలో కూర్చున్నది బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల. ఆయన అప్పటికే 22 ఏళ్లుగా ఆ కంపెనీలోనే ఉన్నాడు, ఆస్మాన్ నుంచి ఊడిపడలేదు. ఉల్టా మిసాల్ కావాలంటే పోలరాయిడ్ ఉంది. ఫోటో తీయగానే చేతికిచ్చే కెమెరా కనిపెట్టిన ఎడ్విన్ లాండ్ 1982లో కంపెనీ విడిచిపెట్టాడు. ఆ తర్వాతివాళ్లు ఫిల్మ్ మీద వచ్చే లాభం వదులుకోలేక అదే పట్టుకుని కూర్చున్నారు. 2001లో దివాలా.

ఇక్కడ నా దలీల్‌కే అడ్డం పడే కహానీ ఒకటి చెప్పకపోతే బేయీమానీ అవుతుంది. 1945లో మహారాష్ట్రలోని అమల్‌నేర్ అనే ఖస్బాలో మహమ్మద్ హాషమ్ ప్రేమ్‌జీ వనస్పతి నూనె కంపెనీ పెట్టారు. 1966 ఆగస్టులో ఆయన ఇంతెకాల్ అయ్యారు. కొడుకు అజీమ్‌కు 21 ఏళ్లు, స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. చదువు మధ్యలో వదిలి వచ్చేశాడు. ఏ శాగిర్దీ లేదు, మూడుసార్లు గద్దె ఎక్కి దిగే ముహ్లత్ లేదు. నా లెక్క ప్రకారం ఆ దుకాణం మూతపడాలి. అదే విప్రో అయింది.

ఎలా? మన మహ్ఫిళ్లలో అజీమ్ ప్రేమ్‌జీ ఖైరాత్ గురించి గంటలు మాట్లాడతారు, ఈ సవాల్ ఒక్కరూ అడగరు. నాకు తోచింది చెప్తా. ఆ అబ్బాయి తండ్రి గద్దె మీద కూర్చున్నాడుగానీ తండ్రి ఫోటో ముందు కూర్చోలేదు. చదువుకున్న మేనేజర్లను, ఇంజనీర్లను బయటి నుంచి తెచ్చుకున్నాడు. తనకు తెలియనిది వాళ్ల దగ్గర నేర్చుకోడానికి షరమ్ పడలేదు. 1970ల చివర్లో ఐబీఎం ఇండియా వదిలి వెళ్లాక ఆ ఖాళీలోకి కంప్యూటర్లతో దూరాడు. నూనె కంపెనీ పెట్టిన మర్హూమ్ బతికుంటే ఏం చేసేవారు అని అడిగి ఉంటే ఇప్పటికీ డాల్డా అమ్ముతుండేవాడు. స్టాన్‌ఫర్డ్ డిగ్రీ ఎన్నో ఏళ్ల తర్వాత పూర్తిచేసుకున్నాడు. కాబట్టి నా మాట కొంచెం సవరించుకుంటున్నా: ఉస్తాద్ తయారు చేసిపోతే ఆసాన్, చేయకపోతే ముష్కిల్, కానీ నాముమ్కిన్ కాదు.

ఇప్పుడు ఆ వలీమా సాబ్‌ను మళ్లీ అడుగుతా. ఆపిల్ సంగతి అమెరికా వాళ్లు చూసుకుంటారు. మీ దుకాణం సంగతేంది? చాబీలు మీ బనియన్ జేబులో. ఉధార్ లెక్క మీ దిమాగ్‌లో. కొడుకు ఏదైనా చెప్పబోతే "తుజే క్యా మాలూమ్, చుప్ బైఠ్." జాబ్స్‌కు తన తర్వాత ఏమవుతుందని ఫికర్ ఉండేది. మనవాళ్లకు తమ తర్వాత అంతా కూలిపోవాలని లోపల్లోపల ఖ్వాహిష్ ఉందేమో అని నాకు షక్. నేను లేకుంటే ఏమీ లేదు అనిపించుకోవడంలో ఒక మజా ఉంటుంది మరి.

మా చాచాది మోటార్ వైండింగ్ దుకాణం. చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటార్ కాలిపోతే రైతులు బండి మీద వేసుకుని ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఏ కంపెనీ మోటార్‌కు ఏ గేజ్ రాగితీగ, ఎన్ని చుట్లు అనేది ఆయనకు జబానీ యాద్. కాగితం మీద పెట్టమంటే నవ్వేవాడు. కానీ పెద్ద కూతురు, మా ఆపా, బిల్లులు రాయడానికి కూర్చునేది. వచ్చిన ప్రతి మోటార్ వివరం చాచా నోటి నుంచి విని ఒక నోట్‌బుక్‌లో రాసుకుంది. పదకొండేళ్లు రాసింది. సామాను ఎవరు తెస్తారు, ఏ రైతు ఎంత బాకీ, అన్నీ తెలుసు. చాచాకు గుండెపోటు వచ్చి పోయాక జియారత్ రోజునే ఖాందాన్ పెద్దలు కూర్చుని దుకాణం జెద్దాలో ఏసీ పని చేసే కొడుక్కి ఇచ్చారు. ఆపా పేరు ఎవరి నోటా రాలేదు. ఆ కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నా. నేనూ అనలేదు. కొడుకు జెద్దా నుంచి రాలేదు, ఎనిమిది నెలలకు షటర్ అమ్మేశారు. ఇప్పుడది మొబైల్ కవర్ల దుకాణం.

నోట్‌బుక్ ఆపా దగ్గరే ఉంది. ఎండాకాలం వస్తే ఖస్బాలోని ఇంకో వైండింగ్ మేస్త్రీ తన కుర్రాణ్ణి ఆమె ఇంటికి పంపిస్తాడు. ఆపా పర్దా వెనక నుంచే గేజ్ నంబర్, చుట్ల లెక్క చదివి చెప్తుంది. కుర్రాడు చేతి మీద రాసుకుని వెళ్లిపోతాడు.