ఇంధన ఘటం – అందులోని పొర

హైడ్రోజన్ వాహనాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా "పొగ ఉండదు, నీరే మిగులుతుంది" అనే మాట మన విద్యార్థుల నోట వినవస్తున్నది. ఆ మాట అబద్ధం కాదు గాని, సగం నిజం. తెలుగు బోధించే మాకు రసాయన శాస్త్రంలో ప్రవేశమెంతని సైన్సు శాఖలోని మిత్రులు నవ్వవచ్చు. నవ్వినా సరే, చెప్పదలచుకున్నాము.

ఇంధన ఘటం 1839 నాటి విలియం గ్రోవ్ ఊహ. 1955లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో విల్లార్డ్ థామస్ గ్రబ్ అందులోని ద్రవానికి బదులు పలుచని పాలిమర్ పొరను అమర్చాడు. ప్లాటినం మీద హైడ్రోజన్ ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోతుంది. పొర ప్రోటాన్లను మాత్రమే తనలోనుండి సాగనిస్తుంది. ఎలక్ట్రాన్లు బయటి తీగ వెంట చుట్టు తిరిగి పోవలసిందే. ఆ చుట్టు తిరుగుడే మనకు కరెంటు. కళ్ళకు పొరలు కమ్మాయంటాము. ఈ పొర మాత్రం అడ్డూ పడుతుంది, దారీ ఇస్తుంది.

1965 ఆగస్టులో జెమిని 5 వ్యోమనౌకలో ఇటువంటి ఘటాలే వెళ్ళాయి. వాటిలోని సల్ఫోనేటెడ్ పాలీస్టైరీన్ పొర వాడుకలో శిథిలమై నీటిలో కలిసింది. ఆ నీరు త్రాగడానికి పనికిరాలేదు. అపోలో యాత్రికులు త్రాగారని మనం చదివే నీరు, ఈ పొర లేని క్షార ఘటాలది. కనుక "నీరే మిగులుతుంది" అనేవారు పొర సంగతి అడగక తప్పదు.

1960ల చివర డ్యూపాంట్ సంస్థలో వాల్తర్ గ్రోట్ నఫియాన్‌ను రూపొందించాడు. వంట పెనాల మీద పూతగా మన ఇళ్ళకు వచ్చిన టెఫ్లాన్ వంటిదే దాని వెన్నెముక. కొమ్మల చివర సల్ఫోనిక్ ఆమ్ల సమూహాలు. వెన్నెముకకు నీరు గిట్టదు, కొమ్మలు నీటిని పీలుస్తాయి. ఈ వైరుధ్యం వల్ల లోపల అతిసన్నని నీటి దారులు ఏర్పడి, ప్రోటాన్లు ఆ తడిలో నడుస్తాయి. పొర ఎండితే ఘటం మందగిస్తుంది. నీరు నిలిస్తే వాయువుల దారి మూసుకుంటుంది. అందుకే 80 డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపుల నడిపిస్తూ తేమను కాచుకోవడం ఇంజనీర్లకు నిత్య యాతన.

నఫియాన్ మన్నింది. ఆ మన్నికే నేడు చిక్కు తెచ్చింది. ప్రకృతిలో తేలికగా నశించని ఫ్లోరిన్ సమ్మేళనాల కుటుంబం దానిది. ఆ కుటుంబం మొత్తాన్ని నియంత్రించాలన్న ఐదు దేశాల ప్రతిపాదనను ఐరోపా రసాయనాల సంస్థ 2023 ఫిబ్రవరిలో ప్రచురించింది. ఘటంలో ఉన్నంతకాలం పొర ఎవరికీ హాని చేయదని కొందరి వాదన. తయారీ నాటి వ్యర్థాలను, పారవేసే నాటి చెత్తను లెక్కించని ఆ వాదన మాకు సమ్మతం కాదు.

ఫ్లోరిన్ లేని పొరలున్నాయి. పాలీ ఈథర్ ఈథర్ కీటోన్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి చేసేది అందులో ఒకటి. చవక, వాయువులను చక్కగా ఆపుతుంది. కాని త్వరగా శిథిలమవుతుంది; జెమిని నాటి పాత జబ్బే! మన యువకులు కృషి చేయవలసిన చోటు ఇదేనని మా అభిప్రాయం. అధ్యాపకుల పర్యవేక్షణలో అటువంటి పొరను తయారుచేసి, ఉప్పు నీటిలో నానబెట్టి, వెలువడిన ఆమ్లాన్ని బ్యూరెట్టుతో లెక్కించడం బి.ఎస్సీ. విద్యార్థికి అందని పని కాదు. బ్యూరెట్లు మనకున్నాయి. పాలిమర్ పొడికి మాత్రం కళాశాల కమిటీవారు వచ్చే ఏటి బడ్జెట్టులో కొంత మొత్తం కేటాయించవలసిందిగా ప్రార్థిస్తున్నాము.