ఎవరికి ఎన్ని నిమిషాలు?

"ఇది నవ్వుకునే విషయం వదినా, ఇందులో కూడా ఆడా మగా ఏమిటి?" అని మా మరిది నన్ను అడిగాడు. అడిగాడనడం కంటే మందలించాడనడం సబబు.

2025 ఫిబ్రవరిలో న్యూజెర్సీలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. ఆ నెల 16వ తేదీ ఆదివారం రాత్రి 'శాటర్‌డే నైట్ లైవ్' అనే హాస్య కార్యక్రమం యాభై ఏళ్ల పండుగను టీవీలో చూపించారు. అది చూస్తూ మరిది, చెల్లెలి కొడుకు, వాడి స్నేహితులిద్దరు కలిసి ఆ కార్యక్రమంలో ఇప్పటిదాకా నటించినవాళ్లలో అతి గొప్ప పదిమంది ఎవరని వాదించుకున్నారు. గంటకు పైగా సాగింది వాదన. చివరికి ఒక కాగితం మీద పది పేర్లు తేలాయి. తొమ్మిది మగవాళ్లవి, ఒకటి టీనా ఫేది. ఆ ఒక్క పేరు కూడా మా చెల్లెలు వంటింట్లోంచి అరిచి రాయించింది.

తెలియనివారి కోసం రెండు మాటలు. న్యూయార్క్ నుంచి ఎన్‌బీసీ సంస్థ 1975 అక్టోబరు 11న మొదలుపెట్టిన కార్యక్రమం ఇది. శనివారం రాత్రి పదకొండున్నరకి గంటన్నర సేపు అప్పటికప్పుడు ప్రత్యక్షంగా ప్రసారమయ్యే చిన్న చిన్న హాస్య నాటికలు. దేశాధ్యక్షుల్ని అనుకరించి వెక్కిరించడం దీని ప్రత్యేకత. ఎడ్డీ మర్ఫీ, బిల్ మరే లాంటి సినిమా తారలు ఇక్కడి నుంచే వచ్చారు.

ఈ వ్యాసం రాస్తానన్నప్పుడు మన మిత్రులే ఒకరిద్దరు పెదవి విరిచారు. ఇక్కడ ఇన్ని సమస్యలుండగా అమెరికా వాళ్ల నవ్వుల గొడవ మనకెందుకన్నారు. పనిస్థలంలో లైంగిక వేధింపుల మీద 2013లో చట్టం వచ్చాక ఫిర్యాదుల కమిటీల్లో కూర్చున్న వాళ్లని అడగండి. ఎదుటి మనిషి చెప్పే మొదటి సమాధానం ఏమిటి? "ఏదో జోకు వేశాను మేడమ్, ఆవిడకి హాస్యం తెలియదు." ఆడవాళ్లకి హాస్యం తెలియదన్న మాట పితృస్వామ్యం చేతిలో చాలా పాత కర్ర. ఎవరు నవ్వించాలి, ఎవర్ని చూసి నవ్వాలి అన్న అధికారం ఎవరి చేతిలో ఉందన్నది ముమ్మాటికీ మన విషయమే. పైగా ఆ స్టూడియో కూడా జీతానికి పనిచేసే చోటే కదా.

సామాజిక శాస్త్రం చదువుకున్నదాన్ని కనుక నాకో దురలవాటు ఉంది. జాబితా చూడగానే పేర్ల కంటే ముందు కొలబద్ద ఏదని వెతుకుతాను. 2015లో, నలభై ఏళ్ల సందర్భంగా, 'రోలింగ్ స్టోన్' పత్రిక అప్పటివరకు పనిచేసిన 141 మందినీ వరసలో నిలబెట్టి ర్యాంకులిచ్చింది. మొదటి స్థానం జాన్ బెలూషీది. మావాడి కాగితంలోనూ అతనే మొదట. గొప్ప నటుడు కాదని నేననను. కళ్లు తిప్పి, కనుబొమ ఎగరేసి జనాన్ని పడేసేవాడు. 33 ఏళ్లకే, 1982లో, మాదకద్రవ్యాలకు బలయ్యాడు.

అయితే అతనితో కలిసి పనిచేసిన జేన్ కర్టిన్ 2011లో ఓప్రా విన్‌ఫ్రీ కార్యక్రమంలో ఒక సంగతి చెప్పింది. ఆడవాళ్లు పుట్టుకతోనే హాస్యానికి పనికిరారని బెలూషీ నమ్మకమట. ఆడవాళ్లు రాసిన నాటికలో తనకు పాత్ర ఉంటే దాన్ని గుసగుసగా, నీరసంగా చదివి కావాలనే చెడగొట్టేవాడట. దీన్ని ఓ పోకిరీ పిల్లాడి అల్లరిగా తీసిపారేసేవాళ్లు ఆ కార్యక్రమం ఎలా తయారవుతుందో తెలుసుకోవాలి. మంగళవారం రాత్రంతా కూర్చుని రాస్తారు. బుధవారం అందరూ బల్ల చుట్టూ చేరి దాదాపు నలభై నాటికలు పైకి చదువుతారు. ఆ గదిలో నవ్వు పుట్టిన డజను నాటికలు బతుకుతాయి, మిగతావి చెత్తబుట్టలోకి పోతాయి. శనివారం ఎనిమిదింటికి ప్రేక్షకుల ముందు రిహార్సల్ అయ్యాక వాటిలోనూ కొన్నింటిని కోసేస్తారు. అంటే బుధవారం నాటి గుసగుస ఒక స్త్రీ వారం రోజుల శ్రమకు ఉరి. మొదటి రోజుల్లో అక్కడ రాసిన స్త్రీలు ముగ్గురు: ఆన్ బీట్స్, రోజీ షూస్టర్, మేరిలిన్ సుజాన్ మిల్లర్. ఆ బల్ల దగ్గర చచ్చిపోయిన వాళ్ల నాటికలకు ఏ పత్రిక ర్యాంకులిస్తుంది? తోటివాళ్ల రచనను చెడగొట్టినవాడికి మొదటి ర్యాంకు వచ్చిందంటే ఆ కొలబద్దలో ఆ నేరానికి గుండుసున్నా విలువ ఉందన్నమాట.

జేన్ కర్టిన్ సంగతే తీసుకోండి. 1976 నుంచి 1980 దాకా వార్తల్ని వెక్కిరించే భాగానికి ఆమే వార్తా చదువరి. పక్కన కూర్చున్న డాన్ ఆక్రాయిడ్ చర్చలో ప్రతిసారీ ఆమెను పేరుపెట్టి పిలిచి, తెలివిలేనిదని, నీతిలేనిదని ఒక పచ్చి తిట్టు తిట్టి జవాబు మొదలుపెట్టేవాడు. ఆ తిట్టు దేశమంతటికీ ఊతపదమైంది. నిజమే, అది అలాంటి మగవాళ్ల మీద వ్యంగ్యమే. కానీ జనం ఇంటికి పట్టుకెళ్లింది వ్యంగ్యాన్ని కాదు, తిట్టుని. ముఖంలో ఒక్క రేఖ కదలకుండా ఆమె కూర్చోబట్టే అతను పేలాడు. గిల్డా రాడ్నర్ వేసిన ఎమిలీ లిటెల్లా అనే ముసలావిడ టీవీలో 'వయొలెన్స్' గురించిన గొడవను 'వయొలిన్' గొడవగా విని ఆవేశపడిపోతుంది. తర్వాతి రోజుల్లో అలాంటి పొరపాట్లను సరిదిద్ది ఆవిడ చేత నాలుక కరిపించే పని కర్టిన్‌దే. బుర్రకథలో వంత పలికేవాళ్లు లేకపోతే కథకుడు ఏమవుతాడో మనకు తెలుసు. ఇంట్లో అన్నం వండిన మనిషిలాగే వేదిక మీద హాస్యాన్ని మోసే మనిషి కూడా లెక్కలోకి రాదు. మావాడి పదిమందిలో కర్టిన్ లేదు. ఎందుకు లేదని అడిగితే, "ఆవిడ నవ్వించేదేం చేసింది పెద్దమ్మా?" అన్నాడు. వాడు అబద్ధమాడలేదు. వాడి కళ్లకు కనపడలేదు.

ఇక్కడ మా మరిది వాదన ఒకటుంది. ఆ పత్రిక వేసిన మొదటి పదిమందిలో ముగ్గురు స్త్రీలున్నారు కదా, ప్రతిభ ఉంటే ఎవరాపారు అంటాడు. మూడో స్థానంలో టీనా ఫే, తర్వాత ఏమీ పోలర్, గిల్డా రాడ్నర్. ఉన్నారు, సంతోషం. ఫే ఎప్పుడు వెలిగిందో మాత్రం ఆయన చెప్పడు. కార్యక్రమం మొదలైన 24 ఏళ్లకి, 1999లో, ప్రధాన రచయిత కుర్చీలో మొదటిసారి ఒక స్త్రీ కూర్చుంది. అది ఫే. 2004లో వార్తల బల్ల ముందు మొదటిసారి ఇద్దరూ ఆడవాళ్లే కూర్చున్నారు, ఆమె, పోలర్. 2008 ఎన్నికల్లో ఫే సారా పేలిన్‌గా, పోలర్ హిల్లరీ క్లింటన్‌గా పక్కపక్కన నిలబడి రాజకీయాల్లో లింగవివక్షను ఉతికేశారు. అంతకుముందు పాతికేళ్లూ అమెరికాలో తెలివైన ఆడవాళ్లు పుట్టలేదా? ఎవరి నాటిక ఎక్కాలన్న నిర్ణయంలో చోటు దొరికాక 'ప్రతిభ' దానంతటదే బయటపడింది.

ఆ పతాక సన్నివేశం వెనక ఇంకో సంగతి ఉంది. పోలర్ అప్పుడు నిండు గర్భిణి. అక్టోబరు 18న ఆ పొట్టతోనే వేదిక మీద గెంతుతూ పాడింది. 25న, సరిగ్గా ప్రసారం నాడే, ఆమెకు కొడుకు పుట్టాడు. ఎంత ధైర్యమని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ మెచ్చుకోలు మన పొలాల్లో నాట్లు వేస్తూ కనేసి మళ్లీ మళ్లోకి దిగిందని చెప్పుకునే కథల్లాగే వినిపించింది. మంగళవారం తెల్లవార్లూ రాయగలవాళ్లే గొప్పవాళ్లయ్యే పనిస్థలంలో పసిబిడ్డను ఎవరు పట్టుకుంటారన్న ప్రశ్న ఏ మగ హాస్యనటుడి జీవితచరిత్రలో చదివారు?

ఈ ముగ్గురి పేర్లు చూసి మనం కూడా చప్పట్లు కొట్టి ఊరుకోలేం. ముగ్గురూ తెల్లవాళ్లు. 1975 నాటి మొదటి బృందంలో ముగ్గురు స్త్రీలున్నారు, అందరూ తెల్లవాళ్లే. నల్లజాతి వాడు ఒకే ఒక్కడు, గారెట్ మోరిస్. పూర్తిస్థాయి బృందంలోకి నల్లజాతి స్త్రీ రావడానికి పదేళ్లు పట్టింది: 1985లో డానిత్రా వాన్స్, ఒకే ఏడాది. తర్వాత 1991 నుంచి 95 దాకా ఎలెన్ క్లెగోర్న్. తర్వాత మాయా రుడాల్ఫ్, 2000 నుంచి 2007 దాకా. ఆమె వెళ్లాక ఆరేళ్లకు పైగా ఎవరూ లేరు. ఒబామా దంపతులు అధ్యక్ష భవనంలో ఉన్న కాలమది. మిషెల్ ఒబామాను వెక్కిరించడానికైనా వాళ్ల దగ్గర మనిషి లేదు.

మరి నల్లజాతి స్త్రీ పాత్రలు ఎవరు వేశారు? కెనాన్ థాంప్సన్ లాంటి మగవాళ్లు, గౌను తొడుక్కుని. 2013లో కొత్తగా ఆరుగురిని తీసుకున్నారు. ఆరుగురూ తెల్లవాళ్లు, అందులో ఐదుగురు మగవాళ్లు. గొడవ మొదలైంది. ఇక ఆడవేషం వెయ్యనని థాంప్సన్ ప్రకటించాడు. అంతవరకు మంచిదే. కానీ ఎంపికల్లో సిద్ధంగా ఉన్న నల్లజాతి స్త్రీలు దొరకడం లేదని కూడా అన్నాడు. ఈ వాక్యం మనకు తెలియనిదా? విశ్వవిద్యాలయంలో, పార్టీ టికెట్ల దగ్గర, సెమినార్ వక్తల జాబితాలో, ఆఖరికి దళిత స్త్రీల విషయంలో మన సంఘాల కార్యవర్గాల్లో కూడా వినిపించే వాక్యమే: "తీసుకుందామనే ఉంది, అర్హులు దొరకలేదు." ఇది రాస్తూ నేనూ ఎక్కడో అన్నానేమోనని వెనక్కి తిరిగి చూసుకున్నాను. అన్నాను.

దొరకనివాళ్లు ఎంత త్వరగా దొరికారో చూడండి. ఆ నవంబరులో అతిథిగా వచ్చిన కెరీ వాషింగ్టన్ చేత ఒకే నాటికలో మిషెల్ ఒబామా, ఓప్రా వేషాలు పరుగులు పెట్టి మార్పించి, తమ లోపం మీద తామే జోకు వేసుకున్నారు. డిసెంబరులో నల్లజాతి స్త్రీల కోసమే ప్రత్యేకంగా ఎంపికలు పెట్టారు. 2014 జనవరికల్లా సషీర్ జమాటా నటిగా, లెస్లీ జోన్స్, లకెండ్రా టూక్స్ రచయితలుగా చేరారు. అదే ఏడాది అక్టోబరులో జోన్స్ కూడా నటిగా వేదికెక్కింది. అప్పటికి ఆమెకు 47 ఏళ్లు. 1987 నుంచి ఊరూరా మైకు పట్టుకుని నవ్విస్తున్న మనిషి. ఇరవై ఆరేళ్లుగా సిద్ధంగా ఉన్న ఆమె వాళ్లకు కనపడటానికి ఒక ఆందోళన కావలసివచ్చింది. ఆ ఇరవై ఆరేళ్లలో ఆమె వెయ్యని పాత్రలకు జాబితాలో ఏ ర్యాంకు?

మన ఈటీవీలో 'జబర్దస్త్' మొదలైందీ 2013లోనే. భార్య, అత్త, మరదలు పాత్రల్ని ఏళ్ల తరబడి చీర కట్టిన మగవాళ్లే వేశారు. మన ఇళ్లలోనూ వాళ్లలో ఎవరు గొప్పని వాదనలు జరిగాయి. మగవాడు ఆడవేషం వెయ్యడం తప్పని నేననడం లేదు. స్థానం నరసింహారావు సత్యభామను కాదనే మూర్ఖత్వం నాకు లేదు. వేషాన్నే అపహాస్యం చేస్తే హిజ్రాల మీద రాయి వేసినట్టవుతుందనీ తెలుసు. కానీ ఆ చీర లోపల ఉండవలసిన నటి ఆ సాయంత్రం ఎక్కడుంది, ఆమెకు రావలసిన పారితోషికం ఎవరికి వెళ్లింది? భార్యను కొట్టే స్కిట్టులో దెబ్బ తినేది మగ నటుడే కాబట్టి నవ్వొచ్చులే అన్న వెసులుబాటు ఎవరికి దొరికింది?

ఒకసారి గెలిచిన చోటు శాశ్వతం కాదని న్యూయార్క్ మళ్లీ చూపించింది. 2018లో చేరిన ఏగో వోడిమ్ 2025 సెప్టెంబరులో వెళ్లిపోయింది. అక్టోబరులో 51వ సీజన్‌కి కొత్తగా ఐదుగురు చేరారు. అందులో నల్లజాతి స్త్రీ లేదు. పాతవాళ్లలోనూ ఎవరూ మిగల్లేదు. 2014 జనవరి తర్వాత బృందంలో నల్లజాతి స్త్రీ ఒక్కరైనా లేకుండా సీజన్ మొదలవడం అదే మొదటిసారి. పండుగ జరిగి ఏడాదైనా కాలేదు.

ఫిబ్రవరి రాత్రికి మళ్లీ వస్తాను. అంత మాట్లాడుతున్నావు కదా పెద్దమ్మా, నీ పది పేర్లు చెప్పు అన్నాడు మావాడు. పది చెప్పనన్నాను. డానిత్రా వాన్స్ పేరు చెప్పి, ఆమెది ఏదైనా దొరుకుతుందేమో ఫోన్‌లో వెతకమన్నాను. నాటకరంగంలో శిక్షణ పొంది, సొంత ప్రదర్శనలతో పేరు తెచ్చుకుని వచ్చిన నటి. ఆ ఏడాది ఆమెకు వచ్చిన వేషాలు పనిమనుషులవి, వాళ్ల వంటివి. చివరికి ఆమె తనకు పనిమనిషి వేషాలే ఇస్తున్నారన్న విషయం మీదే ఆ వేదిక మీద ఒక పాట పాడింది.

అందరూ ఆ చిన్న తెర చుట్టూ మూగి చూశారు. మా మరిది నవ్వాడు, మొదటిసారి కాస్త ఇబ్బందిగా. మా చెల్లెలు చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, మళ్లీ మొదటి నుంచి పెట్టమంది.

"తర్వాత ఈవిడ ఏం చేసింది పెద్దమ్మా?" అని అడిగాడు వాడు.

మళ్లీ నాటకాలకు వెళ్లిపోయిందని, అక్కడ ఓబీ అవార్డు వచ్చిందని, 1994లో నలభై ఏళ్ల వయసులో రొమ్ము కాన్సర్‌తో చనిపోయిందని చెప్పాను. వాడు కాగితం మీద పదకొండో అంకె వేసి, ఆమె పేరు స్పెల్లింగ్ అడిగాడు.