అర్జీకి అసెంబ్లీ దాకా దారి

కొండాపూర్ అంటే పట్నంలో చాలామందికి మాదాపూర్ పక్కనున్న కొండాపూరే గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పుకునేది సంగారెడ్డి జిల్లా కొండాపూర్ గురించి. శాతవాహనుల నాటి మట్టిదిబ్బలున్న ఊరది. నిజాం కాలంలో, 1940ల మొదట్లో గులాం యాజ్దానీ ఆధ్వర్యాన అక్కడ తవ్వకాలు జరిగాయి. దొరికిన నాణేలూ పూసలూ మట్టిబొమ్మలూ ఇప్పటికీ ఆ ఊరి మ్యూజియంలోనే ఉన్నాయి. 2025 మే నెలలో ఆ మండలం పేరు ఇంకో కారణంగా వార్తల్లోకి వచ్చింది. భూమి హక్కుల రికార్డులకు తెచ్చిన కొత్త భూభారతి చట్టం కింద రెవెన్యూ సదస్సులు నడిపి చూడటానికి జిల్లాకొక మండలాన్ని ఎంచుకున్నప్పుడు సంగారెడ్డి జిల్లా నుంచి కొండాపూర్‌ను తీసుకున్నారు. మే 5 నుంచి అధికారులే ఊళ్ళకు వెళ్ళి దరఖాస్తులు తీసుకున్నారు. ఫారం ఉచితం, రుసుము లేదు, రసీదు ఇచ్చారు.

ఇందులో ఏముంది, చిన్న సంగతే కదా అనిపించవచ్చు. అంతకుముందు భూరికార్డులు ధరణి పోర్టల్‌లో నడిచిన కాలమంతా పాసుబుక్కులో ఒక అక్షరం తప్పు పడ్డా, అరెకరం తగ్గినా, సర్వే నంబరే కనబడకుండా పోయినా రైతు మీసేవ మెట్లెక్కి, డబ్బు కట్టి దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చేది. అది తిరస్కరణకు గురైతే మళ్ళీ కట్టి మళ్ళీ పెట్టాలి. తప్పు ఆఫీసులో జరిగినా దిద్దుబాటు ఖర్చు మాత్రం రైతుదే. పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల్లో కాంట్రాక్టు పని చేసుకునే కొడుకు తండ్రి భూమి కోసం సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి సంగారెడ్డి కలెక్టరేటుకు రావాలంటే ఆ రోజు కూలి పోతుంది. బస్సు కిరాయి, జిరాక్సులు, అర్జీ రాసిచ్చేవారికి ఇచ్చేది వేరే. ఇన్ని పెట్టుకొని తెచ్చిన కాగితం ఇంకో కౌంటరుకు పోతుందే తప్ప జవాబు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. అందుకే ఊళ్ళో కుర్చీ వేసుకొని కూచున్న తహసీల్దారు రైతు చేతికి రసీదు ఇవ్వడం ఆ మండలంలో చాలా ఇళ్ళకు పెద్ద సంగతి. ఆ తర్వాత జూన్‌లో రాష్ట్రమంతటా జరిపిన సదస్సుల్లో ఎనిమిది లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి.

ఆ దరఖాస్తుల్లో సాదా బైనామాల సంగతి విడిగా చెప్పాలి. తెల్ల కాగితం మీద రాసుకొని భూమి కొన్నవాళ్ళు తెలంగాణ పల్లెల్లో లక్షల మంది. రిజిస్ట్రేషన్ ఖర్చు భరించలేకో, ఊరి పెద్దమనుషుల మాటే చాలుననుకొనో అట్లా కొన్నారు. ఏండ్ల తరబడి ఆ భూమినే దున్నుకుంటున్నారు, పాసుబుక్కు మాత్రం అమ్మినవారి పేరనే ఉంది. వాటిని క్రమబద్ధం చేస్తామని 2020 అక్టోబరులో ప్రభుత్వం దరఖాస్తులు పిలిచింది. అదే నెల 29న కొత్త పట్టాదారు పాసుపుస్తకాల చట్టం అమల్లోకి వచ్చింది. సాదా బైనామాలను క్రమబద్ధం చేసే సెక్షన్ అందులో లేదు. జనం నవంబరు 10 దాకా దరఖాస్తులు పెడుతూనే ఉన్నారు. అవి తొమ్మిది లక్షలు దాటాయి. పాత చట్టం రద్దయ్యాక ఏ అధికారంతో వీటిని పరిష్కరిస్తారని హైకోర్టు అడిగి, ఆ పని ఆపించింది. నాలుగున్నరేళ్ళు గడిచాక, 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టంలో గానీ వాటికి చోటు దొరకలేదు.

ఈ ఏండ్లన్నీ ఆ రైతులు ఎక్కని ఆఫీసు లేదు. తహసీల్దారునూ ఆర్డీవోనూ కలిశారు, కలెక్టరు ముందు నిలబడ్డారు. వాళ్ళలో ఎంత మంచి అధికారి ఉన్నా చేయగలిగింది ఏమీ లేదు, ఎందుకంటే లోపం చట్టంలో ఉంది. చట్టం చేసిన చోటికి ఆ తొమ్మిది లక్షల కాగితాలు చేరాల్సింది. ఒక మనిషి అర్జీ ఆ మనిషి కష్టం చెబుతుంది. ఒకే రకం అర్జీ లక్షల్లో వస్తే ఏ సెక్షన్ సరిగా లేదో, ఏ నిబంధన పల్లెకు సరిపడటం లేదో అది చెబుతుంది. ఆ మాట వినాల్సింది శాసనసభ. మండలాఫీసు గుమాస్తా ముందు దాన్ని ఎన్నిసార్లు చదివినా లాభం లేదు.

శాసనసభకు అర్జీ పెట్టుకునే హక్కు మనకు కొత్తది కాదు. ఢిల్లీలో కేంద్ర శాసనసభకు ప్రజల అర్జీలు చూసే కమిటీ 1924లోనే ఏర్పడింది. లోక్‌సభ పిటిషన్ల కమిటీ దాని వారసురాలే. మన శాసనసభకూ పిటిషన్ల కమిటీ ఉంది. అలాంటిది ఒకటుందని కొండాపూర్‌లోనో సదాశివపేటలోనో ఎంతమందికి తెలుసు? ఊరికి రోడ్డు కావాలంటే ఎమ్మెల్యే ఇంటికి పోతాం, పింఛను ఆగితే ప్రజావాణికి పోతాం. హైదరాబాద్‌లో ప్రజాభవన్ ముందు మంగళ, శుక్రవారాల్లో తెల్లవారుజాము నుంచే బారులు తీరతాం. అసెంబ్లీ దారిలో మాత్రం మనం ధర్నాకే పోతాం. సభకు అర్జీ రాయవచ్చునని మనకు ఎవరూ చెప్పలేదు.

తమిళనాడులో వేరే అలవాటు ఉంది. అక్కడి శాసనసభ అర్జీల కమిటీ జిల్లాకు రాబోతుందంటే కలెక్టరు పత్రికా ప్రకటన ఇస్తారు. చాలాకాలంగా తీరని ప్రజాసమస్యల మీద తమిళంలోనే అర్జీ రాసి ఐదు ప్రతులు పంపమంటారు. కోర్టులో ఉన్నవీ, ఉద్యోగాలూ పింఛన్ల వంటి సొంత విషయాలూ తీసుకోరు. తర్వాత సభ్యులు జిల్లాకు వచ్చి ఆ రోడ్డునో వంతెననో చెరువునో స్వయంగా చూస్తారు, అధికారులను అక్కడే అడుగుతారు. మనకు ఇది చేతగాని పనేమీ కాదు.

ఇక రుసుముల మాట. మన రాష్ట్రంలో కరెంటు చార్జీలకు ఒక మంచి పద్ధతి ఉంది. దాని వెనక చేదు జ్ఞాపకం కూడా ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ సంస్కరణల చట్టం 1998లో వచ్చింది, 1999లో నియంత్రణ కమిషన్ ఏర్పడింది, 2000లో చార్జీలు పెరిగాయి. ఆ ఏడు ఆగస్టు 28న చలో అసెంబ్లీ అన్న జనం మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి ప్రాణాలు కోల్పోయారు. బిల్లు ఎక్కువైందని సభకు చెప్పుకోబోయిన మనుషులు వాళ్ళు. కమిషన్ బహిరంగ విచారణల్లో ఈ రోజు రైతు సంఘాలూ చిన్న పరిశ్రమల వాళ్ళూ మామూలు వినియోగదారులూ లేచి మాట్లాడుతుంటే ఆ ముగ్గురు గుర్తుకు రాక మానరు.

ఆ పద్ధతి ఇట్లా ఉంటుంది. చార్జీ మార్చాలంటే విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ముందుగా తన లెక్కలు బయటపెట్టాలి, పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. ఎవరైనా ఆక్షేపణ రాసి పంపవచ్చు. ప్రతి ఆక్షేపణకూ డిస్కం రాతపూర్వకంగా జవాబివ్వాలి. కమిషన్ ఉత్తర్వులో ఆక్షేపణ, డిస్కం జవాబు, కమిషన్ అభిప్రాయం, మూడూ అచ్చవుతాయి. 2024లో ఇంటి కరెంటు నెలకు 300 యూనిట్లు దాటితే కిలోవాటుకు 10 రూపాయలున్న స్థిర చార్జీని 50 చేయాలని డిస్కంలు అడిగాయి. విచారణలు జరిపిన కమిషన్ అక్టోబరు చివర్లో దాన్ని తిరస్కరించింది.

మిగతా రుసుములకు ఈ భాగ్యం లేదు. ధరణిలో మ్యుటేషన్‌కు ఎకరాకు 2500 రూపాయలు, పాసుబుక్కుకు 300 అని నిర్ణయించినప్పుడు రైతును పిలిచి విన్నదెవరు? ప్రభుత్వాలు రిజిస్ట్రేషన్ విలువలు పెంచినప్పుడైనా, సర్టిఫికెట్ల సర్వీసు చార్జీలు సవరించినప్పుడైనా ఒక జీవో వస్తుంది, మరునాటి నుంచి కౌంటరులో కొత్త ధర. ఎందుకంత, ఆ సేవకు అసలు అయ్యే ఖర్చెంత అని అడిగే వేదిక లేదు. కరెంటు విషయంలో చెల్లించేవాడి మాట వినడం న్యాయమైతే భూమి కాగితం విషయంలో అది ఎందుకు కాదు?

సభ తలచుకుంటే ఎంత త్వరగా పని జరుగుతుందో, అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేసే ఎల్ఆర్ఎస్ పథకం చూపించింది. 2020 ఆగస్టు 31న 131వ నంబరు జీవో వచ్చినప్పుడు, సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా కంపెనీ జీతాల్లో మిగిల్చి వంద, నూటయాభై గజాలు కొనుక్కున్నవాళ్ళు గుండె పట్టుకున్నారు. ఎప్పుడో కొన్న ప్లాటుకు ఇప్పటి మార్కెట్ విలువ ప్రకారం కట్టమన్నారు. ఊరూరా గోల లేచింది. సెప్టెంబరులో సభ కూడినప్పుడు సభ్యులు అడిగారు. మూడో వారానికల్లా 135వ నంబరు జీవోతో రిజిస్ట్రేషన్ నాటి విలువకు మార్చారు. దరఖాస్తులు చివరికి 25 లక్షలు దాటాయి. జీవో రావడానికి ముందే విని ఉంటే ఆ రెండు వారాల భయం ఎవరికీ ఉండేది కాదు.

సభ వినని చోట ఏమవుతుందో కూడా ఈ ప్రాంతానికి బాగా తెలుసు. పటాన్‌చెరు కంపెనీల వ్యర్థజలాలు పారిన నక్కవాగు పొడుగునా పొలాలూ బావులూ పాడైన ఊళ్ళ గోడు 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడి నుంచి హైకోర్టుకూ, ఆ తర్వాత హరిత ట్రిబ్యునల్‌కూ వెళ్ళి 2017 దాకా నడిచింది. తాగునీరు ఇమ్మనీ నష్టపరిహారం కట్టమనీ న్యాయస్థానం చెప్పాల్సి వచ్చింది. మంచినీళ్ళ కోసం ఒక తరం కోర్టు వాయిదాలు లెక్కపెట్టింది.

భూభారతి విషయంలో ఒక మంచి పని జరిగింది. 2024 ఆగస్టులో ముసాయిదాను జనం ముందు పెట్టి సలహాలు అడిగారు, డిసెంబరులో బిల్లు సభ ఆమోదం పొందింది. తహసీల్దారు ఉత్తర్వు మీద అప్పీలు చేసుకునే వీలు, 2020 చట్టంలో లేనిది, ఇందులోకి వచ్చింది. చట్టానికి ముందు అడిగినట్టే చట్టం నడిచాక కూడా అడగాలి. అందుకు కొండాపూర్‌తోనే మొదలుపెట్టవచ్చు. 2025 మేలో ఆ మండలంలో వచ్చిన దరఖాస్తులను రకాల వారీగా విడదీయాలి. ఎన్ని తీరాయో, ఎన్నిటిని ఏ సెక్షన్ కింద తోసిపుచ్చారో, ఒక్కోదానికి రైతు చేతి నుంచి ఎంత ఖర్చయిందో రాయించాలి. శాసనసభ పిటిషన్ల కమిటీ ఒక రోజు సంగారెడ్డికి వచ్చి, తెలుగులో ముందుగా ప్రకటన ఇచ్చి, ఆ కట్టను రైతుల ఎదుట విప్పి చదవాలి. రుసుముల పట్టిక కూడా ఆ రోజే బల్ల మీద ఉండాలి. వచ్చిన ప్రతి అర్జీకీ కారణాలతో జవాబు రాసి, ఆ జవాబులన్నిటినీ వచ్చే సమావేశాల్లోనే సభ ముందుంచాలి.